ఎంత మంట పెట్టినా పాన్‌లో నీళ్లే... నా స్టిర్ ఫ్రై ఎందుకు కుదరడం లేదు?

ఈ వారం ఉత్తరం రాసినవారు 42 ఏళ్ల తండ్రి. పేరు వేయొద్దన్నారు. ఐదు నెలల క్రితం ఆయన భార్యకు ఉద్యోగంలో షిఫ్టు మారింది. వారంలో నాలుగు రోజులు ఆవిడ ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర అవుతోంది. ఆ నాలుగు రోజులూ రాత్రి వంట ఈయన చేతికి వచ్చింది. ఇంట్లో 14 ఏళ్ల కొడుకు, 9 ఏళ్ల కూతురు, 71 ఏళ్ల తల్లి ఉన్నారు. అందరూ శాకాహారులే. తల్లికి కట్టుడు పళ్లు, పైగా బీపీకి మాత్రలు వాడుతున్నారు. ఏడింటికి ఇంటికొచ్చి ఎనిమిదింటికల్లా కంచాలు పెట్టాలి కాబట్టి, పది నిమిషాల్లో అయిపోతుందని విని వెజిటబుల్ స్టిర్ ఫ్రై, అంటే కూరగాయ ముక్కల్ని పెద్ద మంట మీద కలుపుతూ త్వరగా వేయించడం, మొదలుపెట్టారు. తర్వాత జరుగుతున్నది ఆయన మాటల్లోనే చదవండి.

"క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికం, మష్రూమ్స్ అన్నీ కలిపి కిలో పైనే ఉంటాయి. కడిగి తరిగేసరికే అరగంట పోతుంది. ఇక తొందర కదా అని నాన్‌స్టిక్ పాన్‌లో అన్నీ ఒకేసారి వేసి, ఉప్పు చల్లి, త్వరగా అవుతుందని మూత పెడతాను. మూత తీస్తే అడుగున నీళ్లు. అవి ఇగిరేదాకా ఉంచితే క్యాబేజీ ముద్దయిపోతుంది, బీన్స్ మాత్రం గట్టిగానే ఉంటాయి. రుచి రాలేదని సోయా సాస్ ఇంకాస్త పోస్తాను, ఉప్పెక్కుతుంది. మావాడు 'మళ్లీ ఉడకబెట్టిన కూరగాయలేనా నాన్నా' అంటాడు. అమ్మ ఏమీ అనదు కానీ బీన్స్ ముక్కలన్నీ కంచం అంచున పేర్చి పెడుతుంది. మా ఆవిడ వచ్చి చల్లారిపోయింది తింటూ 'ఎందుకంత కష్టం, ఏదో ఒకటి చేసేస్తే పోదా' అంటుంది. ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంటుంది."

చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు. పెద్ద మంట వచ్చే స్టవ్, వోక్ (చైనా వంటలకు వాడే లోతైన బాణలి) కొనాలా? అసలు తన చేతికి వంట రాదా? ఇదంతా మానేసి ఆ నాలుగు రోజులూ బయటి నుంచి తెప్పించుకోవడమే మేలా?

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీ పాన్‌లో ఊరే నీళ్లకూ, చేతికి వంట రావడం రాకపోవడానికీ సంబంధం లేదు. ఎంత చేయి తిరిగినవాళ్లయినా కిలో కూరగాయలు ఇంటి స్టవ్ మీద ఒకేసారి వేసి మూత పెడితే మీకు వచ్చిందే వాళ్లకూ వస్తుంది. మీరు పడుతున్న తొందరే మీ వంటను ఆలస్యం చేస్తోంది. అది ఎలాగో చెబుతాను, వివరం తెలిస్తే సగం సమస్య మీరే తీర్చుకోగలరు.

క్యాబేజీ, క్యాప్సికం, మష్రూమ్స్ బరువులో నూటికి 90 పాళ్ల పైన నీరే. క్యారెట్‌లో కూడా 88 పాళ్ల దాకా ఉంటుంది. అంటే మీరు వేసే కిలో కూరగాయల్లో దాదాపు 900 గ్రాములు నీళ్లే. ముక్క వేగి, అంచులు ఎర్రబడి, కమ్మని వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. నీళ్లేమో 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాన్‌లో తడి ఉన్నంతసేపూ మంట ఎంత పెంచినా ముక్క ఆ 100 దాటదు, మంటంతా నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. చల్లటి నీళ్లు మరుగు పట్టడానికి ఎంత వేడి కావాలో, అవే నీళ్లు పూర్తిగా ఇగిరిపోవడానికి దానికి ఐదు రెట్ల పైన కావాలి.

ఇంటి స్టవ్ మీద పెద్ద బర్నర్ సాధారణంగా 2 నుంచి 3 కిలోవాట్ల వేడి ఇస్తుంది. గ్యాస్ అయితే అందులో చాలా భాగం గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. పాన్‌కు ఒక కిలోవాట్ అందిందనుకుందాం. కిలో కూరగాయలు మరుగు వేడికి రావడానికే ఐదు నిమిషాలు పడుతుంది. వాటిలోంచి 100 గ్రాముల నీరు ఊరిందంటే, అది ఇగరడానికి మరో నాలుగు నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ కూరగాయలు ఉడుకుతూనే ఉంటాయి, వేగడం ఇంకా మొదలే కాదు. మీవాడు 'ఉడకబెట్టిన కూరగాయలు' అన్నాడంటే జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందులో మీ మీద తప్పు పట్టడమేమీ నాకు కనిపించలేదు.

దీనికి తోడు మీరు తెలియకుండానే ఇంకా నీళ్లు చేరుస్తున్నారు. కడిగిన ముక్కల్ని తడి ఆరకుండా వేస్తున్నారు. ముందే చల్లిన ఉప్పు ముక్కల్లోంచి నీటిని బయటికి లాగుతుంది, మష్రూమ్స్, క్యాబేజీల్లో మరీను. మూత పెడితే పైకి లేచిన ఆవిరి మూతకు తగిలి, చుక్కలై మళ్లీ పాన్‌లోకే జారుతుంది. చివర్లో సోయా సాస్, అదీ నీరే. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకుండా ఈ రోజే మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి: ముక్కల్ని కడిగాక పొడిబట్ట మీద పరిచి ఆరనివ్వండి, ఉప్పు ముందే చల్లకండి, మూత పెట్టకండి. పరిమాణం తగ్గించకపోతే మాత్రం ఇవి సగం ఫలితమే ఇస్తాయి. దానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. ఏది మీ ఇంటికి పడుతుందో మీరే తేల్చుకోవాలి.

మొదటి దారి, విడతలుగా వేయించడం. 26 లేదా 28 సెంటీమీటర్ల పాన్‌లో ఒక్కసారికి 250 గ్రాములకు మించి వేయకండి. ముక్కలు ఒక వరసగా పరుచుకుని, మధ్యమధ్యలో పాన్ అడుగు కనబడాలి. నూనె ఒకటిన్నర చెంచా చాలు. నూనె పల్చబడి, పాన్ వంచితే నీళ్లలా జారుతూ తళతళలాడుతుంటే ఒక క్యాప్సికం ముక్క వేసి వినండి. సుయ్‌మని గట్టిగా శబ్దం రావాలి, ముక్క చుట్టూ సన్నటి బుడగలు లేవాలి. అప్పుడు మిగతావి వేసి, గరిటె పక్కన పెట్టి అర నిమిషం ముట్టుకోకండి. ఇక్కడే చాలామందికి ఓపిక చాలదు. పేరులో కలపడం ఉంది కదా అని ఆపకుండా కలుపుతూనే ఉంటారు. హోటళ్లలో మంట చాలా ఎక్కువ కాబట్టి అక్కడ ఆపకుండా కలపాలి. ఇంటి మంట మీద ముక్కకు పాన్‌తో కాసేపు పొత్తు కుదిరితే తప్ప అంచు ఎర్రబడదు. అర నిమిషం అయ్యాక ఒకసారి తిరగేయండి, మళ్లీ ఆగండి. రెండు, మూడు నిమిషాల్లో ఆ విడత అయిపోతుంది. వెడల్పాటి పళ్లెంలోకి తీసేయండి. లోతు గిన్నెలో వేస్తే అడుగు ముక్కలు తమ ఆవిరికే మగ్గిపోతాయి.

వేయించేటప్పుడు గడియారం కంటే చెవిని నమ్ముకోండి. చిటపటలు గట్టిగా ఉన్నంతసేపూ మీ ముక్కలు వేగుతున్నాయి. ఆ శబ్దం మెత్తబడి బుడబుడమని వినిపించడం మొదలైందంటే నీరు ఊరుతోంది. వెంటనే ముక్కల్ని పాన్ అంచులకు జరిపి మధ్యలో ఖాళీ చేయండి, కొన్ని క్షణాల్లో మళ్లీ చిటపటలు వస్తాయి. రాకపోతే ఎక్కువ వేశారన్నమాట. కొన్ని ముక్కలు తీసి పళ్లెంలో పెట్టేయండి, సందేహించకండి.

అన్ని విడతలూ అయ్యాక పాన్‌లో ఒక చెంచా నూనె వేసి, సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి ఇరవై సెకన్లు వేయించి, వాసన రాగానే కూరగాయలన్నీ ఒకేసారి తిరిగి వేయండి. వెల్లుల్లి ముందే వేస్తే, మిగతావి వేగేలోపు అది మాడి చేదెక్కుతుంది. ఆ తర్వాత సాస్ పోసి ఒక నిమిషం కలిపితే అయిపోయినట్టే.

కిలో కూరగాయలకు నాలుగు విడతలు, పన్నెండు నిమిషాలు, పైన మరో రెండు. మీరిప్పుడు మూత పెట్టి, నీళ్లు ఇగరబెట్టి గడుపుతున్న సమయం కంటే ఇది తక్కువే. కాకపోతే ఆ పన్నెండు నిమిషాలూ స్టవ్ వదిలి కదలకూడదు. పాప హోంవర్కు, ఫోను, తలుపు, ఏదీ కుదరదు. ఇంట్లో ఆ కాసేపు మిమ్మల్ని ఎవరూ పిలవకుండా ఉండగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

రెండోది, గట్టి కూరగాయల్ని ముందు మరిగే నీళ్లలో వేసి తీయడం. అన్నం ఉడుకుతుండగానే మరో గిన్నెలో నీళ్లు మరిగించి క్యారెట్, బీన్స్ ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చిల్లుల గిన్నెలో వార్చి, బట్ట మీద ఆరబెట్టండి. తర్వాత పాన్‌లో అవి ఒక్క నిమిషంలో అవుతాయి. బీన్స్ విషయంలో ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. బీన్స్ పచ్చిగా తినకూడదు, వాటిలో ఉండే లెక్టిన్లు అనే ప్రొటీన్లు కొందరికి కడుపునొప్పి తెస్తాయి, బాగా ఉడికితే ఆ ఇబ్బంది ఉండదు. ఈ పద్ధతిలో ఒక గిన్నె ఎక్కువ కడగాలి, వార్చిన ముక్కలు సరిగ్గా ఆరకపోతే మళ్లీ మొదటికే వస్తారు. అయినా మీకు దీన్ని గట్టిగా చెప్పడానికి కారణం మీ అమ్మగారు.

ఆవిడ బీన్స్ ముక్కలు కంచం అంచున పేర్చి పెడుతున్నారని మీరు గమనించారు, ఉత్తరంలో రాశారు. ఆవిడకు రుచి నచ్చక కాదు, నమలలేక వదిలేస్తున్నారని నా ఉద్దేశం. కొడుకు అలసిపోయి వచ్చి చేశాడని నోరు విప్పి చెప్పడం లేదు. మీరే అడగండి: 'అమ్మా, ఏది నమలడానికి ఇబ్బందిగా ఉంది?' అని. మరిగే నీళ్ల గిన్నె ఉంటే ఆవిడ వాటా క్యారెట్, బీన్స్ అందులోనే మరో ఐదారు నిమిషాలు ఉంచొచ్చు. పిల్లలకు కరకరలాడేవి, ఆవిడకు మెత్తగా ఉన్నవి, ఒకే వంటలోంచి. బీన్స్‌ను ఏటవాలుగా సన్నగా కోసినా, క్యారెట్‌ను తొక్క తీసే పీలర్‌తోనే రిబ్బన్లలా గీసినా నమలడం తేలికవుతుంది, వేయించడమూ త్వరగా అవుతుంది. అందరికీ ఒకే మెత్తదనం ఉండాలన్న పట్టు వదిలేయండి. 71 ఏళ్లకూ 14 ఏళ్లకూ మధ్యలో ఎక్కడో ఆపితే ఇద్దరికీ నచ్చదు.

మూడో దారి అన్నిటికంటే తేలిక, కూరగాయల రకాలు తగ్గించడం. ఐదు రకాలంటే ఐదింటినీ విడివిడిగా కడగాలి, చెక్కాలి, తరగాలి, ఉడికే సమయం కూడా దేని లెక్క దానిది. మీ అరగంట పోతున్నది అక్కడే. రోజుకు రెండు రకాలు చాలు. క్యాబేజీ, క్యారెట్ ఒక రోజు. క్యాప్సికం, మష్రూమ్స్ ఇంకో రోజు. బీన్స్, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) మరో రోజు. తరగడం పది నిమిషాల్లో తేలిపోతుంది, విడతలూ రెండు మూడుకు తగ్గుతాయి. కంచంలో రంగులు తగ్గుతాయి, నిజమే. కానీ వారం మొత్తం చూసుకుంటే పిల్లలు అవే ఐదు రకాలూ తింటారు, ఒక్కోదాని రుచీ విడిగా తెలుస్తుంది. అన్నీ కలిసిన ముద్దలో ఏది ఏమిటో తెలియక 'ఉడకబెట్టినవి' అంటున్న మీవాడికి ఈ మార్పు తప్పకుండా తెలుస్తుంది. మీ స్థానంలో ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

మష్రూమ్స్ గురించి ఒక మాట. వాటిని నూనె లేకుండా పొడి పాన్‌లో ముందు వేయించండి. నీరు దిగుతుంది, దిగనివ్వండి. అదంతా ఇగిరి, ముక్కలు సగానికి ముడుచుకున్నాక నూనె వేస్తే రెండు నిమిషాల్లో ఎర్రగా అవుతాయి. ఇతర కూరగాయలతో కలిపి వేస్తే ఆ నీరంతా వాటికి పడుతుంది.

టోఫు మీ ఉత్తరంలో లేదు. వారానికి రెండు రోజులైనా చేర్చితే బాగుంటుంది, ఎదిగే పిల్లలకు ఉత్త కూరగాయలతో రాత్రి భోజనంలో ప్రొటీన్ చాలదు. గట్టి రకం తీసుకోండి. ఇంటికి రాగానే, చెప్పులు విప్పిన వెంటనే, దాన్ని బట్టలో చుట్టి పైన బరువు పెట్టేయండి. మీరు ముఖం కడుక్కుని, కూరగాయలు తరిగేలోపు నీరు దిగిపోతుంది. ముక్కలకు కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు కదపకుండా వేయిస్తే పైన కరకర, లోపల మెత్తగా ఉంటాయి. కార్న్‌ఫ్లోర్ అద్దకుండా వేయించిన ముక్కలు మీ అమ్మగారికి నమలడానికి సులువు.

ఇక సోయా సాస్. రుచి రాలేదని మీరు పోస్తూ పోయేది ఇదే, అందుకే దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో, అంటే 15 మిల్లీలీటర్లలో, సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటకూడదని, అంటే దాదాపు 5 గ్రాముల ఉప్పులోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ మాత్రలు వాడే మనిషి తినే వంటలో సాస్‌ను కంటి అంచనాతో పోయకూడదు. మొత్తం ఇంటికీ కలిపి రెండు పెద్ద చెంచాలకు మించకండి, వేరే ఉప్పు వేయకండి. చిన్న గిన్నెలో ఆ రెండు చెంచాల సాస్, నాలుగు చెంచాల చన్నీళ్లు, చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, అర చెంచా చక్కెర, మిరియాల పొడి కలిపి స్టవ్ వెలిగించే ముందే పక్కన పెట్టుకోండి. కార్న్‌ఫ్లోర్‌ను వేడి పాన్‌లోకి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, చన్నీళ్లలో కలిపి పోస్తే మరిగేసరికి చిక్కబడి ముక్కలను పట్టుకుంటుంది. అలా పట్టుకోవడం వల్లే తక్కువ సాస్‌తోనూ ప్రతి ముక్కకూ రుచి అందుతుంది, అడుక్కి జారిపోదు. స్టవ్ ఆపాక ఒక చెంచా వెనిగర్ గానీ నిమ్మరసం గానీ చల్లండి, పులుపు తగిలితే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు అనిపించదు. పులుపు ముందే వేయకూడదు, బీన్స్, క్యాప్సికంల పచ్చరంగు మాసిపోయి ముదురు ఆలివ్ రంగుకు తిరుగుతుంది. 'తక్కువ ఉప్పు' అని రాసి ఉన్న సాస్ కొనాలనుకుంటే సీసా మీద చూడండి, కొన్నింటిలో పొటాషియం ఉప్పు కలుపుతారు. కొన్ని బీపీ మందులు వాడేవారికి అది పడదు. అమ్మగారి డాక్టరును ఒక్కమాట అడిగి కొనండి.

స్టవ్, వోక్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. హోటల్ వంటగదుల్లో వోక్ కింద పెట్టే బర్నర్లు ఇంటి బర్నర్ కంటే పది రెట్లు, అంతకు మించి కూడా వేడి ఇస్తాయి. దక్షిణ చైనాకు చెందిన కాంటోనీస్ వంటవాళ్లు వోక్ హే అని చెప్పుకునే ఆ కమ్మని పొగవాసన ఆ మంట నుంచి వచ్చేదే. ఇంట్లో కొంచెం పెద్ద స్టవ్ తెచ్చినంత మాత్రాన అది రాదు. గుండ్రటి అడుగున్న వోక్‌కు ఇంటి మంట మధ్యలోనే తగులుతుంది, అంచులు చల్లగా ఉండిపోతాయి. వెడల్పుగా, చదునుగా ఉన్న పాన్ ఇంటి స్టవ్‌కు ఎక్కువ పనికొస్తుంది. మీ నాన్‌స్టిక్ పాన్‌తో ఒక జాగ్రత్త మాత్రం అవసరం: దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద వదలకండి. పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలై, పీల్చకూడని పొగలు వస్తాయి. నూనె వేసి, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీదే వేడి చేయండి. కొన్ని వారాలు ఈ పద్ధతి అలవాటయ్యాక కూడా ఇంకా బాగా వేగాలనిపిస్తే అప్పుడు చదును అడుగున్న ఇనుప పాన్ తీసుకోండి. అది బరువు, తుప్పు పట్టకుండా కడిగిన వెంటనే తుడిచి నూనె రాయాలి, కానీ వేడిని బాగా పట్టి ఉంచుతుంది, పెద్ద మంటకూ భయం లేదు.

తరిగే పని ముందు రోజుకు మార్చుకుంటే మరో పది నిమిషాలు మిగులుతాయి. క్యారెట్, బీన్స్, క్యాబేజీ తరిగి, పొడిగా, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటాయి. మష్రూమ్స్ అప్పటికప్పుడే కోయండి. వెల్లుల్లి తరిగి నూనెలో వేసి బయట గట్టు మీద ఉంచే అలవాటు ఉంటే మానేయండి. గాలి తగలని ఆ నూనెలో బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరగగలదు. ఫ్రిజ్‌లో అయినా రెండు మూడు రోజుల్లో వాడేయాలి. ఈ తరిగే పనిలో మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. 14 ఏళ్లవాడు చాకు పట్టగలడు. తను తరిగిన క్యాప్సికంను 'ఉడకబెట్టినవి' అనడానికి వాడికీ కాస్త మొహమాటం ఉంటుంది. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, ఆ సమయంలో చెల్లెలి చదువు చూసే పని ఇవ్వండి. మీకు స్టవ్ దగ్గర పన్నెండు నిమిషాలు దొరకడమే ముఖ్యం.

బయటి నుంచి తెప్పించుకోవడం తప్పేమీ కాదు. ఒంట్లో బాగోలేని రోజున, ఆఫీసులో ఆలస్యమైన రోజున తెప్పించుకోండి, మనసుకు కష్టం పెట్టుకోకండి. నాలుగు రోజులూ అదే అయితే మాత్రం ఉప్పు మీద అదుపు పోతుంది, అమ్మగారికి అది మంచిది కాదు. మధ్యేమార్గం ఇంకొకటి ఉంది. ఓవెన్ ఉంటే కూరగాయ ముక్కలకు నూనె పట్టించి, ట్రేలో పలచగా పరిచి, 220 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు ఉంచితే అంచులు ఎర్రబడతాయి. స్టిర్ ఫ్రై కంటే సమయం ఎక్కువే, కానీ ఆ సేపంతా మీరు కుర్చీలో కూర్చోవచ్చు, పాపతో మాట్లాడవచ్చు. నాలుగు రోజుల్లో రెండు రోజులు స్టిర్ ఫ్రై, ఒక రోజు ఓవెన్, ఒక రోజు మీకిష్టం వచ్చింది అనుకుంటే టెన్షన్ చాలా తగ్గుతుంది.

చివరికి మీ ఆవిడ మాట. 'ఎందుకంత కష్టం, ఏదో ఒకటి చేసేస్తే పోదా' అన్న మాటను మీరు తీర్పులా విన్నారు. అవతలి వైపు నుంచి చూడండి. రాత్రి పదిన్నరకు వచ్చిన మనిషికి కడగాల్సిన గిన్నెలు, అలసిపోయిన భర్త ముఖం, పక్కన చల్లారిన కూర కనిపిస్తున్నాయి. షిఫ్టు మారినందువల్లే ఇదంతా మీ మీద పడిందన్న బాధ ఆవిడకు ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాటలో మీ మీద జాలి ఉందో, చిరాకు ఉందో, తన మీద తనకే కోపం ఉందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఆవిడే చెప్పాలి. ఆవిడకు సెలవు ఉన్న రోజు, తినేటప్పుడు కాకుండా వేరే సమయంలో, 'నువ్వలా అన్నప్పుడు నేను చేసేది బాగోలేదన్నట్టు వినిపిస్తోంది, నీ ఉద్దేశం అదేనా?' అని అడగండి. అలా అడిగితే కాసేపు ఇబ్బందిగానే ఉంటుంది. నిజంగానే బాగోలేదని చెప్పొచ్చు కూడా, దానికి సిద్ధపడండి. అడగకుండా ఉండిపోతే మాత్రం రోజూ రాత్రి ఆవిడ కంచంలో వడ్డించేటప్పుడు మీరు ఆవిడ ముఖం వైపే చూస్తుంటారు, ఆ చూపు ఆవిడకూ బరువే.

ఆవిడ వాటా విషయంలో మాత్రం వెంటనే ఒక మార్పు చేయొచ్చు. అందరితో పాటు వండి చల్లార్చకండి. ఒక విడత ముక్కలు పచ్చివే విడిగా డబ్బాలో, ముందే కలిపి పెట్టుకున్న సాస్‌లోంచి రెండు చెంచాలు గిన్నెలో తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆవిడ వచ్చి కాళ్లు కడుక్కునేలోపు మూడు నిమిషాల్లో వేడివేడిగా వేయించి పెట్టొచ్చు, ఒక్క విడతే కాబట్టి అన్నిటికంటే బాగా కుదిరేది అదే అవుతుంది. మీకు నిద్ర ముంచుకొస్తే ఆవిడే వేయించుకుంటారు, అదీ ముందే మాట్లాడుకోండి. అన్నం మాత్రం స్టవ్ మీద అలాగే పదిన్నర దాకా వదలకండి. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేం. ఆవిడ వాటా పలచగా పరిచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, ఆవిడ వచ్చాక పొగలు వచ్చేదాకా వేడి చేయండి. అది మిగిలితే మర్నాటికల్లా తినేయాలి, రెండోసారి వేడి చేయకూడదు.

మొదటి రోజుకు క్యాబేజీ, క్యారెట్ తీసుకోండి, రెండూ కలిపి 600 గ్రాములు దాటనివ్వకండి. అన్నం పొయ్యి మీద పెట్టాకే చాకు పట్టండి, సాస్ కలిపి పెట్టాకే స్టవ్ వెలిగించండి. మూడు విడతలు వేయించి, ఉప్పు రుచి చూశాకే ఇంకేమైనా కావాలా అని ఆలోచించండి. రెండు వారాల తర్వాత కూడా అడుగున నీళ్లు కనబడుతుంటే మీ పాన్ వెడల్పు ఎంత, ఒక్కో విడతకు ఎంత వేస్తున్నారు, గ్యాసా ఇండక్షనా అన్నవి రాసి పంపండి, ఎక్కడ తేడా వస్తోందో చూద్దాం. అమ్మగారు ఏ ముక్క నమలగలిగారో కూడా రాయండి.